బియ్యం నమిలేదాన్ని... నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తాను!

చేటలో బియ్యం ఏరుతూ, ఏరుతూ, గుప్పెడు నోట్లో వేసుకునే అలవాటు మీలో ఎంతమందికి ఉందండీ? చెప్పడానికి సిగ్గుపడకండి. నాకూ ఉండేది. ఒకటి కాదు, రెండు కాదు, పదేళ్ళు. చిన్నప్పుడు మా అమ్మమ్మ "బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందే" అని బెదిరించేది. పెళ్ళయిపోయింది, వానా పడలేదు. ఇక భయమెందుకని మరీ మరీ తినేదాన్ని. అది అలవాటు కాదు, జబ్బుకి గుర్తు అని నాకు తెలిసింది ఎక్కడో చెప్పనా? హైదరాబాద్ రోడ్డు మీద, పరుగు పందెంలో!

నేను బెజవాడ భవానీపురంలో ఉంటాను. ఇంటర్ పూర్తవగానే పెళ్ళి చేశారు. మావారిది చిన్న వ్యాపారం. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. అత్తగారు మాతోనే ఉంటారు. పిల్లలిద్దరూ చదువులు, ఉద్యోగాలంటూ ఊళ్ళు పట్టి పోయాక 2021 చివర్లో ఇల్లు బోసిపోయింది. పనేమో తగ్గింది, ఆయాసం మాత్రం పెరిగింది. మేడ మెట్లు ఎక్కి బట్టలు ఆరేసి వస్తే పది నిమిషాలు కూర్చోవాల్సి వచ్చేది. "నలభై దాటాయి కదా, మామూలే" అన్నారు చుట్టుపక్కల వాళ్ళు. ఒకసారి జ్వరానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారితో చెప్పాను. ఆయన కూడా నవ్వి అదే మాటన్నారు.

నడిస్తే తగ్గుతుందేమోనని పొద్దున్నే పున్నమి ఘాట్ వైపు నడక మొదలెట్టాను. అక్కడ పడుచు పిల్లలు పరుగులు తీస్తుంటే చూడముచ్చటగా ఉండేది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి ఫోన్లో ఈ సంగతి చెప్పాను. అది ఊరుకుంటుందా? "అమ్మా, ఆగస్టులో ఇక్కడ మారథాన్ జరుగుతుంది. పది కిలోమీటర్లకి నీ పేరు కూడా ఇచ్చేస్తున్నా" అంది. ఇచ్చేసింది కూడా!

అసలు మారథాన్ అంటే?

ఈ మాట అందరం వింటాం గానీ, అదెంత దూరమో చాలామందికి తెలియదు. ఊళ్ళో జరిగే ప్రతి పరుగునీ మారథాన్ అనేస్తాం. అసలైన మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. గ్రీసు దేశంలో మారథాన్ అనే చోట యుద్ధం గెలిచాక, ఆ కబురు చెప్పడానికి ఒక సైనికుడు ఏథెన్స్ దాకా పరుగెత్తి ప్రాణం విడిచాడని ఒక కథ. ఆ కథ పేరు మీదే 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఈ పరుగు పెట్టారు. ఇప్పుడున్న కొలత 1908 లండన్ ఒలింపిక్స్‌లో వచ్చింది. అందులో సగం, అంటే సుమారు 21 కిలోమీటర్లు, హాఫ్ మారథాన్.

మరి ఆడవాళ్ళకో? 1967లో అమెరికాలో బోస్టన్ మారథాన్‌లో కేథరిన్ స్విట్జర్ అనే అమ్మాయి పూర్తి పేరు రాయకుండా పొడి అక్షరాలతో దరఖాస్తు పెట్టి, నంబరు తగిలించుకుని పరుగెత్తింది. మధ్యలో నిర్వాహకుడొకాయన చూసి, ఆమెను పట్టుకుని లాగెయ్యబోయాడు. అయినా ఆమె ఆగలేదు, పూర్తి చేసింది. 1972లో గానీ అక్కడ ఆడవాళ్ళను అధికారికంగా రానివ్వలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ పెట్టింది ఇంకా ఆలస్యంగా, 1984లో! అంతదూరం ఆడదాని ఒంటికి పడదని పెద్ద పెద్ద వాళ్ళే వాదించారట. బిందెలు మోసి, పిల్లల్ని మోసిన ఒంటికి పరుగు పడదా? మీరే చెప్పండి.

అంతదూరం వెళ్ళక్కర్లేదు. 2017 ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో జయంతి సంపత్‌కుమార్ అనే ఆవిడ, నలభై నాలుగేళ్ళ వయసులో, చేనేత చీర కట్టుకుని మొత్తం 42 కిలోమీటర్లూ అయిదు గంటల్లోపే పూర్తి చేశారు. చేనేతకు ప్రచారం కోసమే ఆవిడ అలా పరుగెత్తారు. ఈ సంగతి చదివి మా అత్తగారు "చీరతోనా? కుచ్చిళ్ళు ఎలా నిలిచాయమ్మా?" అని రెండు రోజులు అదే ఆలోచించారు.

మొదటిసారి పరువు పోయింది

2022 ఆగస్టు 28. చుడీదార్ వేసుకుని, చున్నీకి పిన్నులు పెట్టుకుని వేలమందిలో నిలబడ్డాను. రెండు కిలోమీటర్లు బాగానే వెళ్ళాను. మూడోది మొదలవగానే గుండె గొంతులోకి వచ్చినట్లయింది. అరవై ఏళ్ళు పైబడిన ఒకావిడ నన్ను దాటి హాయిగా వెళ్ళిపోయింది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కళ్ళ ముందు మెరుపులు. రోడ్డు పక్కన కూలబడ్డాను. మంచినీళ్ళు ఇచ్చే అమ్మాయి నా కింది కనురెప్ప లాగి చూసి, "ఆంటీ, ఇంత తెల్లగా ఉందేంటి? రక్తపరీక్ష చేయించుకున్నారా?" అనడిగింది. డాక్టరు చదువుతోందట. మిగిలిన దూరం మా అమ్మాయి చెయ్యి పట్టుకుని నడిచాను. వస్తూ రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను కూడా.

ఊరొచ్చాక పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎంతుందో తెలుసా? 7.8! గర్భం లేని ఆడవాళ్ళకి 12 అయినా ఉండాలి. ఈసారి ఒక లేడీ డాక్టరుగారు ఓపిగ్గా కూర్చోబెట్టి అడిగారు. నెలసరి ఎన్ని రోజులు? గడ్డలు పడతాయా? టీ ఎప్పుడు తాగుతారు? చివరికి అడిగారు: "బియ్యం, సుద్ద, మట్టి, ఐసుముక్కలు... ఇలాంటివేమైనా తినాలనిపిస్తుందా?"

నాకు నోట మాట రాలేదు. పదేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఆవిడకెలా తెలిసింది? ఒంట్లో ఇనుము బాగా తగ్గిపోతే ఇలాంటి వింత కోరికలు పుడతాయట. నెలకి ఎనిమిదేసి రోజులు నేను పోగొట్టుకుంటున్న రక్తానికి, తింటున్న తిండికి లెక్క కుదరడం లేదు. "మీరు ఎప్పుడు తింటారు?" అనడిగారు. "అందరూ తిన్నాక" అన్నాను. "ఏం తింటారు?" అన్నారు. దానికి జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. గిన్నె అడుగున మిగిలిన పులుసు, చల్లారిన అన్నం, ఇంత పచ్చడి. చేపల పులుసు వండిన రోజున తలకాయ, తోకా. అన్నం తినగానే స్టీలు గ్లాసు నిండా టీ.

మన దేశంలో 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే మన వీధిలో పది గుమ్మాలుంటే, అయిదారు గుమ్మాల్లో నాలాంటి వాళ్ళున్నారన్నమాట. అందరం "వయసు" అనుకుంటున్నాం.

అత్తగారి మాట

ఆ రాత్రి భోజనాల దగ్గర రిపోర్టు సంగతి చెప్పాను. మావారు కంగారుపడ్డారు. మా అత్తగారు మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "నేను బలపాలు తినేదాన్నే. మీ మావయ్యగారి పంచె కొంగున పిల్లల కోసమని తెప్పించి, నేను తినేసేదాన్ని. మా అమ్మ గోడ పెళ్ళలు గీరుకుని తినేది. కడుపుతో ఉంటే అలాగే ఉంటుందనేవాళ్ళు. లేనప్పుడు కూడా తినేదని ఎవరు చూశారు?"

మూడు తరాల నుంచి ఒకటే జబ్బు. ఎవరూ పేరు పెట్టలేదు, అంతే.

నేను పొద్దున్నే రోడ్డు మీద తిరగడం ఆవిడకి మొదట్నుంచీ ఇష్టం లేదు. "పెళ్ళికెదిగిన పిల్లని పెట్టుకుని పరుగులేంటే" అని సణిగేవారు. కానీ ఆ మర్నాడు మధ్యాహ్నం నేను వడ్డించబోతుంటే చేతిలోంచి గరిటె తీసుకుని, "కూర్చో. ముందు నువ్వు తిను. నేను వడ్డిస్తా" అన్నారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. నాకు ముద్ద దిగలేదు. అయినా తిన్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరం ఒకేసారి కూర్చుంటాం. ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకుంటాం.

డాక్టరుగారు ఇనుము మాత్రలు రాశారు. స్కానింగ్ తీయించి, నెలసరికి వేరే మందు ఇచ్చారు. "ఇప్పుడు పరుగు వద్దు. మెల్లగా నడవండి" అన్నారు. మూడో నెలకి బియ్యం మీద ధ్యాస పోయింది. చేట ముందు కూర్చుని ఉత్తిగా ఏరుతున్నానని ఒకరోజు నాకే తట్టింది! ఆరు నెలలకి హిమోగ్లోబిన్ 12.1 అయింది. లోపల నిల్వలు నిండాలని ఇంకో మూడు నెలలు మాత్రలు వాడమన్నారు. అప్పుడు గానీ పరుగుకి ఒప్పుకోలేదు.

మళ్ళీ మొదటి నుంచి

ఈసారి తొందరపడలేదు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అలా అరగంట. వారానికి నాలుగు రోజులే. పరుగులో ఉండగా పక్కవాళ్ళతో మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయిందని లెక్క. మాట రాకపోతే తగ్గించాలి. ఆదివారం మాత్రం కాస్త ఎక్కువ దూరం. పున్నమి ఘాట్, దుర్గ గుడి కింద నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా అవతలి కొనకి, మళ్ళీ వెనక్కి. మన బెజవాడ ఎండ సంగతి తెలిసిందే కదా! నాలుగున్నరకి బయల్దేరి, ఎండ ముదరకముందే ఇంట్లో పడాలి. వీధికుక్కలు వెంటపడితే పరుగు ఆపి నిలబడాలి. పరుగెత్తామా, అవి మనకంటే గట్టిగా పరుగెత్తుతాయి!

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి చెప్తాను. రెండు కాన్పులైన దాన్ని. పరుగెత్తేటప్పుడు, దగ్గినప్పుడు బట్టలు తడిసేవి. సిగ్గుతో మానేద్దామనుకున్నాను. డాక్టరుగారిని అడిగితే మూత్రం బిగపట్టినట్లుగా ఆ కండరాలను బిగించి వదిలే వ్యాయామం రోజుకి మూడుసార్లు చేయమన్నారు. కొన్ని నెలల్లో చాలావరకు తగ్గింది. మీకూ ఉంటే దాచుకోకండి.

2023 ఆగస్టు 27న హాఫ్ మారథాన్ 2 గంటల 48 నిమిషాల్లో పూర్తి చేశాను. ఇక మిగిలింది అసలుది. దానికి ఏడాది పట్టింది. ఆదివారాల దూరం వారానికి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ 30 కిలోమీటర్ల దాకా వెళ్ళాను. పందేనికి ముందు రెండు మూడు వారాలు మళ్ళీ తగ్గించాలి. పరీక్ష ముందు రోజు నిద్ర మానుకుని చదివితే ఉన్నది మర్చిపోతాం చూడండి, అలాగే.

ఆ రోజు

2024 ఆగస్టు 25. ఇంకా తెల్లవారలేదు. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా. గుండెల మీద నంబరు చీటీ, అందులోనే మన సమయం లెక్కగట్టే చిన్న చిప్. హుస్సేన్‌సాగర్ గాలి చల్లగా తగులుతోంది. అక్కడ మొదలై పంజాగుట్ట, జూబ్లీహిల్స్, దుర్గం చెరువు కేబుల్ వంతెన మీదుగా గచ్చిబౌలి స్టేడియం చేరాలి. మన డెల్టా నేల చేట పరిచినట్లుంటుంది. అక్కడ అడుగడుగునా ఎత్తులే! ఒక ఫ్లైఓవర్ దిగామనుకునేలోపు ఇంకోటి. దానికి తోడు ఆగస్టు ఉక్క.

ఇరవై అయిదు దాకా కులాసాగా వెళ్ళాను. ముప్పై దాటాక అసలు కథ మొదలైంది. ఒంట్లో దాచుకున్న చక్కెర నిల్వలు చాలామందికి ఆ దగ్గర్లోనే అడుగంటుతాయి. పరుగెత్తేవాళ్ళు దాన్ని "గోడ" అంటారు. నిజంగా గోడే. పిక్కలు రాళ్ళయిపోయాయి. పక్కనే ఆగిపోయిన వాళ్ళని తీసుకెళ్ళే బండి వచ్చి ఆగింది. "ఎక్కుతారా అమ్మా?" అన్నాడు ఆ అబ్బాయి. నిజం చెప్తున్నా, కాలు అటే లాగింది.

ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. ప్రతి ఆదివారం లెక్కపెట్టుకుంటూ దాటిన గేట్లే. అప్పుడు అదే గుర్తొచ్చింది. డెబ్భై అడుగులు పరుగు, డెబ్భై అడుగులు నడక. మళ్ళీ డెబ్భై. ఎన్ని బ్యారేజీలు దాటానో నాకే తెలియదు. చుట్టూ మేడలున్నాయి, కానీ నా పక్కన కృష్ణ ఉన్నట్లే ఉంది. మంచినీళ్ళ బల్ల దగ్గర ఎవరో అరటిపండు ముక్క, చిటికెడు ఉప్పు చేతిలో పెట్టారు. ఆ ఉప్పు రుచి ఇప్పటికీ నాలుక మీదుంది.

5 గంటల 52 నిమిషాలు. మొదట వచ్చినవాళ్ళు ఇళ్ళకెళ్ళి స్నానాలు కూడా చేసేసి ఉంటారు. అయినా గీత దాటగానే మెడలో పతకం వేశారు. మా అమ్మాయి పట్టుకుని ఏడ్చింది. మావారు ఫోన్లో "గెలిచావా?" అన్నారు. ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు! అత్తగారు ఫోన్ లాక్కుని అడిగింది ఒకటే మాట: "ఏమైనా తిన్నావుటే?"

పతకం పూజగదిలో పెడదామన్నారు మావారు. నేను వంటింట్లో బియ్యం డబ్బా పైన మేకుకి తగిలించాను. ఎందుకో మీకు చెప్పక్కర్లేదనుకుంటా.

మీరందరూ మారథాన్ పరుగెత్తాలని నేననను. కానీ ఈ వారంలో ఒక పని చెయ్యండి. పెద్ద ఖర్చు కాని హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. మీది, మీ అమ్మాయిది, వీలైతే మీ అత్తగారిది కూడా. ఆ రాత్రి అన్నం మాత్రం అందరితో కలిసి కూర్చుని తినండి.

మీ కోసం కొన్ని చిట్కాలు

* ఇనుము మాత్ర నిమ్మరసం నీళ్ళతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. టీ, కాఫీ, పాలకి గంటా రెండు గంటల ఎడం ఉండాలి. విరేచనం నల్లగా వస్తుంది, భయపడకండి. మాత్రలు డాక్టరు చెప్పిన మేరకే వాడండి.
* నెలసరి వారం దాటినా, గడ్డలు పడుతున్నా "మామూలే" అనుకోకండి. చూపించుకోండి.
* తోటకూర, గోంగూర వండినప్పుడు పక్కన నిమ్మకాయో, ఉసిరికాయ పచ్చడో ఉండాలి. రాగుల్లో సున్నం ఎక్కువ. ఇనుముకైతే సజ్జలు మేలు. మాంసాహారులకు కాలేయం, చేపలు మంచివి.
* బూట్లు సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి. లేకపోతే గోళ్ళు నల్లబడి ఊడిపోతాయి.
* తొడలు, చంకలు ఒరుసుకుపోకుండా ముందే కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ రాసుకోండి. పందెం రోజున కొత్త బట్టలు, కొత్త బూట్లు, కొత్త తిండి పనికిరావు.
* ఎక్కువసేపు పరుగెత్తేటప్పుడు దాహం లేకపోయినా అదేపనిగా ఉత్తి మంచినీళ్ళు తాగడం ప్రమాదం. రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగండి. చిన్న చెంచాతో, తలకొట్టి కొలవాలి.
* బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగాకే పరుగు మొదలెట్టాలి.

సజ్జ ఉండలు

కావలసినవి: సజ్జపిండి ఒక గ్లాసు, పల్లీలు అర గ్లాసు, నువ్వులు పావు గ్లాసు, బెల్లం తురుము ముప్పావు గ్లాసు, గింజలు తీసిన ఖర్జూరాలు ఆరు, నెయ్యి మూడు చెంచాలు, యాలకుల పొడి కొంచెం.

చేసే విధానం: సజ్జపిండిని చెంచా నేతిలో సన్న సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి. పల్లీలు, నువ్వులు విడివిడిగా వేయించి, పల్లీల పొట్టు తీసి, రెండూ బరకగా పొడి చేసుకోవాలి. ఇందులో బెల్లం, సన్నగా తరిగిన ఖర్జూరం, యాలకుల పొడి కలిపి, మిగిలిన నెయ్యి వేడిచేసి పోసి, గోరువెచ్చగా ఉండగానే ఉండలు చుట్టాలి. సజ్జపిండి నిల్వ ఉంటే చేదెక్కుతుంది, కాబట్టి అప్పటికప్పుడు పట్టించుకోండి. వారంలోపు తినెయ్యాలి.

ఉండలు చుట్టగానే మొదటిది ఎవరికి పెడతారు? పిల్లలకి వద్దు, మావారికి వద్దు. మీ నోట్లో వేసుకోండి!